రూపాయికి ఎనిమిది పైసలు

ఇంటిపన్ను రసీదును మొదటినుండి చివరిదాకా చదివేవారు అరుదు. చెల్లించిన మొత్తాన్ని ఒకసారి సరిచూసుకొని రసీదును పెట్టెలో భద్రపరచుకోవడమే సాధారణంగా జరిగే పని. ఆ రసీదులో నీటిపన్ను, దీపాల పన్ను మొదలైన పద్దుల సరసన 'గ్రంథాలయ పన్ను' అనే చిన్న పద్దు ఒకటి కనిపిస్తుంది. ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసల చొప్పున అదనంగా వసూలు చేసే పన్ను అది. ఇంట్లో ఒక్క పుస్తకమైనా లేని కుటుంబం ఆ పన్ను చెల్లిస్తుంది. అక్షరజ్ఞానం లేని గృహస్థుడు కూడా చెల్లిస్తాడు. ఊరి గ్రంథాలయంలో ఏనాడూ అడుగుపెట్టనివారూ చెల్లిస్తారు. ఈ పైసలను ఎవరు అడిగారు? ఎందుకు అడిగారు? అవి ఎక్కడికి చేరుతున్నాయి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడమంటే తెలుగునాట ప్రజాగ్రంథాలయాల చరిత్రను, వాటి నేటి స్థితిని తెలుసుకోవడమే.

ప్రజాగ్రంథాలయానికి మూడు లక్షణాలు ఉంటాయి. అది కుల, మత, ధన భేదాలు లేకుండా అందరికీ తెరచి ఉండాలి. అక్కడ కూర్చుని చదువుకోవడానికి రుసుము ఉండకూడదు. అన్నింటికంటె ముఖ్యంగా, అది నిలిచి ఉండాలి. ఒక తరం చదువుకున్న గదిలో తరువాతి తరం కూడా చదువుకోగలగాలి. మొదటి రెండు లక్షణాలను ఉదారహృదయులైన వ్యక్తులు సాధించగలరు. మూడవది మాత్రం వ్యక్తుల వల్ల సాధ్యం కాదు. దానికి చట్టం కావాలి. ఆ చట్టం వెనుక నిధి కావాలి. ఈ సత్యాన్ని తెలుగువారు అనుభవం మీద గ్రహించారు.

తెలుగుదేశంలో తొలినాటి గ్రంథాలయాలను ప్రభుత్వం స్థాపించలేదు. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి 'సరస్వతీ నిలయం' నెలకొల్పారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు స్వగృహంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆరంభమైంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దానికి అండగా నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన మహాసభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆ సంఘ నిర్మాణానికి ప్రాణం పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్య. సంఘానికి చిరకాలం నాయకత్వం వహించినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం నెలకొన్నది. 1935లో గుంటూరు జిల్లాలో కాలువమీద పడవ గ్రంథాలయం నడిచింది. రేవు రేవునా ఆగి, తీర గ్రామాలవారికి పుస్తకాలు ఇచ్చి, తిరుగు ప్రయాణంలో వాటిని తీసుకొనే ఆ పడవ వెనుక పాతూరి నాగభూషణం వంటి కార్యకర్తల శ్రమ ఉన్నది.

ఈ చరిత్ర గర్వింపదగినదే. కాని అందులో ఒక లోపం కూడా ఉన్నది. ఈ గ్రంథాలయాలకు ఆధారం చందాలు, విరాళాలు. ధాన్యం ఇంటికి వచ్చిన ఏడు చందాలు వచ్చేవి. పంట పోయిన ఏడు ఆగిపోయేవి. ఇల్లు ఇచ్చిన దాత కాలం చేస్తే వారసులు గది ఖాళీ చేయమన్న సందర్భాలు ఉండేవి. ఉత్సాహవంతుడైన కార్యదర్శి ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళితే బీరువాకు తాళం పడేది. ఒక మనిషి ఓపికమీద నిలిచిన సంస్థ ఆ మనిషితోనే ముగుస్తుంది. గ్రంథాలయోద్యమ నాయకులకు ఈ సంగతి అందరికంటె బాగా తెలుసు. అందుకే వారు పుస్తకాలు సేకరిస్తూనే, గ్రంథాలయ పోషణ ప్రభుత్వ బాధ్యత కావాలని సభలలో తీర్మానాలు చేస్తూ వచ్చారు.

నిజాం రాజ్యంలో పరిస్థితి మరింత కఠినంగా ఉండేది. అక్కడ ప్రభుత్వ సహాయం మాట అటుంచి, తెలుగు గ్రంథాలయాల కార్యక్రమాలను అధికారులు అనుమానంతో చూసేవారు. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి పొందాలని శాసించిన 'గస్తీ నిషాన్ 53' వంటి ఉత్తర్వులు గ్రంథాలయాల వార్షికోత్సవాలకు కూడా అడ్డు తగిలేవి. చట్టం గ్రంథాలయాన్ని నిలబెట్టగలదు. ఊపిరి సలపనీయకుండా చేయగలదు. ఏ చట్టం ఎవరి మేలు కోరి వచ్చిందన్నదే ప్రధానం.

గ్రంథాలయాల కోసం చట్టం చేసిన తొలి దేశాలలో ఇంగ్లాండు ఒకటి. 1850లో అక్కడి పార్లమెంటు ప్రజాగ్రంథాలయాల చట్టాన్ని ఆమోదించింది. పదివేలకు మించిన జనాభా గల పట్టణాలు, పన్ను చెల్లింపుదారులు సమ్మతిస్తే, పౌనుకు అరపెన్నీ చొప్పున గ్రంథాలయ పన్ను విధించుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది. అయితే ఆ ధనంతో భవనం కట్టవచ్చు, బల్లలు కొనవచ్చు, ఉద్యోగిని నియమించవచ్చు. పుస్తకాలు మాత్రం కొనరాదు! పుస్తకాలను దాతలు ఇస్తారని శాసనకర్తలు భావించారు. ఈ విచిత్రమైన నియమాన్ని 1855లో సవరించి, పన్నును పెన్నీకి పెంచి, పుస్తకాల కొనుగోలుకు అవకాశం కల్పించారు. చట్టంలో ఒక్క వాక్యం ఉండడానికీ లేకపోవడానికీ మధ్య ఎంత భేదమున్నదో ఈ ఉదంతం తెలుపుతుంది.

భారతదేశంలో దీనికి పూర్తిగా భిన్నమైన ప్రయోగం బరోడా సంస్థానంలో జరిగింది. మహారాజు మూడవ సయాజీరావు గైక్వాడ్ 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికా గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి, సంస్థానమంతటా గ్రంథాలయాలు ఏర్పాటు చేయించారు. గ్రామస్థులు కొంత సొమ్ము పోగుచేస్తే, అంతే సొమ్మును స్థానిక పాలనా సంస్థ, మరి అంతే సొమ్మును సంస్థాన ప్రభుత్వం కలిపేవి. గ్రామస్థుల రూపాయి మూడు రూపాయలయ్యేది. 1919లో మద్రాసులో అఖిల భారత స్థాయిలో జరిగిన ప్రజాగ్రంథాలయ మహాసభకు బరోడాకు చెందిన కుదాల్కర్ అధ్యక్షత వహించడం ఆ సంస్థానం పొందిన గౌరవానికి గుర్తు. అయినప్పటికీ ఆ వ్యవస్థకు పునాది రాజుగారి అభిరుచే. ప్రజలు హక్కుగా అడగడానికి వీలైన చట్టం అక్కడ లేదు. ఇంగ్లాండులో తొలుత చట్టం వచ్చింది కాని అందులో పుస్తకానికి చోటు లేదు. బరోడాలో పుస్తకం వచ్చింది కాని దాని వెనుక చట్టం లేదు. రెండూ ఒకచోట చేరవలసిన అవసరాన్ని ఈ రెండు అనుభవాలు చాటాయి.

ఆ అవసరాన్ని శాస్త్రీయంగా నిరూపించినవారు షియాలి రామామృత రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఆయన 1930లో కాశీలో జరిగిన అఖిల ఆసియా విద్యా సమ్మేళనంలో ఒక నమూనా గ్రంథాలయ బిల్లును సమర్పించారు. దాని ఆధారంగా 1930 దశకంలో బెంగాల్‌లోను, మద్రాసులోను శాసనసభలలో ప్రయత్నాలు జరిగాయి. కాని గ్రంథాలయం కోసం నిర్బంధంగా పన్ను వసూలు చేయడానికి నాటి ప్రభుత్వం అంగీకరించలేదు. పన్ను లేని చట్టం కాగితానికే పరిమితమవుతుందని రంగనాథన్ ఎరుగుదురు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు ప్రజాగ్రంథాలయాల చట్టం వెలువడింది. స్వతంత్ర భారతంలో అటువంటి తొలి చట్టం అదే. ఆస్తిపన్నులో రూపాయికి ఆరు పైలు, అనగా అర్ధణా, గ్రంథాలయ పన్నుగా వసూలు చేయాలని అది నిర్దేశించింది. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే కనుక ఆ చట్టం తెలుగువారికి కూడా వర్తించింది.

తెలంగాణ ప్రాంతానికి 1955లో హైదరాబాదు ప్రజాగ్రంథాలయాల చట్టం వచ్చింది. 1891లో ఆరంభమై, 1936లో మూసీ ఒడ్డున భవ్య భవనంలోకి మారిన అసఫియా గ్రంథాలయం ఆ చట్టం ద్వారా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత కొంతకాలం ఒకే రాష్ట్రంలో రెండు చట్టాలు అమలులో ఉన్నాయి. వాటిని సమన్వయపరచి 1960 ఏప్రిల్ 1 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయాల చట్టం అమలులోకి తెచ్చారు. అర్ధశతాబ్దం పాటు ఈ ఉద్యమాన్ని మోసిన గాడిచర్ల ఆ ఏడాదే కన్నుమూశారు. 2014లో రాష్ట్రం రెండుగా ఏర్పడిన తరువాత తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని తనకు అన్వయించుకున్నది.

ఈ చట్టం ప్రకారం గ్రంథాలయ సేవకు ప్రత్యేక శాఖ, దానికి ఒక సంచాలకుడు ఉంటారు. ప్రతి జిల్లాకూ ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంటుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయం, పట్టణాలలోను పెద్ద గ్రామాలలోను శాఖా గ్రంథాలయాలు, చిన్న గ్రామాలలో గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఆ సంస్థ కింద పనిచేస్తాయి. ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ పన్నును వసూలు చేసే బాధ్యత పంచాయతీలు, పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థలది. వసూలైన సొమ్మును అవి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. సిబ్బంది జీతభత్యాల భారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ద్వారా వహిస్తుంది. వ్యక్తులు, సంఘాలు నడిపే గ్రంథాలయాలకు సహాయం చేసే అవకాశం కూడా ఈ వ్యవస్థలో ఉన్నది.

ఎనిమిది పైసలకు గల శక్తిని ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చు. ఒక గ్రామంలో ఐదువందల ఇళ్లు ఉన్నాయనుకుందాం. సగటున ఇంటికి ఏడాదికి 400 రూపాయల ఇంటిపన్ను అనుకుంటే మొత్తం 2,00,000 రూపాయలు అవుతుంది. దానిపై గ్రంథాలయ పన్ను 16,000 రూపాయలు. ఒక్కొక్క ఇంటిపై పడే భారం ఏడాదికి 32 రూపాయలు మాత్రమే. ఏ ఒక్క కుటుంబమూ 32 రూపాయలతో గ్రంథాలయం నడపలేదు; కాని ఐదువందల కుటుంబాలు కలిసి ఏడాది పొడవునా దినపత్రికలు తెప్పించుకోగలవు, బీరువాలో కొత్త పుస్తకాలు చేర్చుకోగలవు. పదిమంది చేతి కష్టం ఒకచోట చేరితే అది అందరి సొత్తవుతుందన్నదే గ్రంథాలయ పన్నులోని నీతి.

ఈ పన్నుకు మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ప్రభుత్వ బడ్జెటు ఏటేటా మారుతుంది. కరవు వచ్చినా, వరద వచ్చినా, ఆదాయం తగ్గినా కోత పడే పద్దులలో గ్రంథాలయం ముందువరుసలో ఉంటుంది. ఆకలిగొన్నవాని కేక అందరికీ వినిపిస్తుంది; పుస్తకం అందని విద్యార్థి మౌనం ఎవరికీ వినిపించదు. అందువల్లనే గ్రంథాలయానికి బడ్జెటుతో నిమిత్తం లేని సొంత ఆదాయం ఉండాలని రంగనాథన్ ప్రభృతులు పట్టుబట్టారు. చట్టం పేరు చెప్పి వసూలు చేసిన పన్ను ఎవరి దయమీదా ఆధారపడదు. ఒకే పనికి కేటాయించిన ఆ సొమ్మును వేరొక పనికి మళ్లించడం న్యాయం కాదు.

మరి ఇంత చక్కని ఏర్పాటు ఉండగా అనేక గ్రంథాలయాలలో పాత పుస్తకాలు, విరిగిన కుర్చీలు, కురిసే పైకప్పులు ఎందుకు కనిపిస్తాయి? ఈ ప్రశ్నకు సమాధానం చట్టంలో కంటె దాని అమలులోనే ఎక్కువగా లభిస్తుంది. పన్ను వసూలు చేసేది ఒక సంస్థ. దానిని ఖర్చు చేయవలసింది మరొక సంస్థ. వసూలైన సొమ్ము మొదట స్థానిక సంస్థ ఖాతాలో పడుతుంది. ఆ సంస్థకు వీధిదీపాల ఖర్చు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు వంటి అత్యవసరాలు ఉంటాయి. చేతిలో ఉన్న గ్రంథాలయ పన్నును వాటికి వాడుకోవడం, తరువాత చెల్లిద్దామనుకోవడం, ఆ తరువాత ఎన్నటికీ రాకపోవడం జరుగుతుంది. అనేక పంచాయతీలు, పురపాలక సంఘాలు, పెద్ద నగరపాలక సంస్థలు సైతం గ్రంథాలయ సంస్థలకు బకాయిలు పడిన సంగతి పలుమార్లు వార్తలకెక్కింది. ఇక్కడ పౌరుడు పన్ను ఎగవేయలేదు. అతడు చెల్లించిన సొమ్మే దారిలో ఆగిపోయింది.

నిధులు తగ్గినప్పుడు దెబ్బ ముందుగా పుస్తకానికే తగులుతుంది. భవనపు అద్దె ఆపితే యజమాని ఊరుకోడు. కరెంటు బిల్లు చెల్లించకపోతే దీపం ఆరిపోతుంది. పుస్తకం కొనకపోతే మాత్రం వెంటనే ఎవరూ అడగరు. రెండు మూడేళ్లు గడిచేసరికి బీరువాలోని సమాచారం పాతబడుతుంది. పాఠకుల సంఖ్య తగ్గుతుంది. పాఠకులు తగ్గారన్న కారణం చూపి మళ్లీ నిధులు తగ్గిస్తారు. ఈ విషవలయం ఒకసారి మొదలైతే దాని నుండి బయటపడడం కష్టం. దీనికి తోడు, పదవీ విరమణ చేసిన గ్రంథపాలకుల స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాకపోవడం మరొక సమస్య. ఒకే గ్రంథపాలకునికి రెండు మూడు గ్రంథాలయాలు అప్పగిస్తే అవి వంతులవారీగా తెరుచుకుంటాయి. ఏ పుస్తకం ఎవరికి అవసరమో తెలిసిన మనిషి లేని గ్రంథాలయం పుస్తకాల గోదాముగా మిగులుతుంది.

ఇతర రాష్ట్రాల అనుభవాలు కూడా పరిశీలింపదగినవి. భారత రాజ్యాంగం గ్రంథాలయాలను రాష్ట్రాల జాబితాలో చేర్చింది. అందుచేత ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. అన్ని రాష్ట్రాలలోనూ ఇటువంటి చట్టాలు లేవు. 1965లో చట్టం చేసిన కర్ణాటక, 1989లో చేసిన కేరళ గ్రంథాలయ పన్నును విధించాయి. 1967లో మహారాష్ట్ర, 1979లో పశ్చిమ బెంగాల్ చట్టాలు చేసినా ప్రత్యేక పన్ను జోలికి పోలేదు. అక్కడ గ్రంథాలయాలు ప్రభుత్వ గ్రాంటులమీదనే నడుస్తాయి. 1993లో గోవా మద్యంపై గ్రంథాలయ పన్ను విధించే మార్గాన్ని ఎంచుకున్నది. కేరళ చట్టంలో మరొక విశేషం ఉన్నది. అక్కడి గ్రంథాలయాలు చాలవరకు నేటికీ ప్రజా సంఘాలు నడిపేవే. వాటి ప్రతినిధులు ఎన్నికల ద్వారా తాలూకా, జిల్లా, రాష్ట్ర స్థాయి మండళ్లలో స్థానం పొందుతారు. తెలుగు రాష్ట్రాలలో జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులను ప్రభుత్వమే నియమిస్తుంది. ప్రభుత్వం చేపట్టిన తరువాత గ్రంథాలయానికి స్థిరత్వం లభించింది. కాని ఇది మనదని చందా వేసుకొని నడిపిన నాటి ఊరివారి మమకారం కొంత సడలింది. రెంటినీ కలుపుకోవడమే కేరళ నేర్పే పాఠం.

కేంద్ర ప్రభుత్వం పాత్ర పరిమితమైనా ఉపేక్షింపదగినది కాదు. 1954లో పార్లమెంటు చేసిన గ్రంథ ప్రదాన చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ ప్రతి ప్రచురణనూ కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మద్రాసులోని కన్నెమరా గ్రంథాలయం వంటి నిర్దిష్ట గ్రంథాలయాలకు ఉచితంగా పంపాలి. ఒక తెలుగు కవి తన తొలి సంపుటిని ఏ చిన్న పట్టణంలో అచ్చు వేయించినా, అది దేశపు జ్ఞాపకంలో చోటు సంపాదించుకోవాలన్నది ఆ చట్టపు ఆశయం. 1972లో రాజా రామమోహనరాయ్ ద్విశత జయంతి సందర్భంగా ఆయన పేరిట ఏర్పడిన గ్రంథాలయ ప్రతిష్ఠానం పుస్తకాలకు, భవనాలకు, సామగ్రికి ఆర్థిక సహాయం అందిస్తున్నది. ఈ సహాయంలో కొంతభాగం రాష్ట్రం తన వాటా జమచేస్తేనే లభిస్తుంది. బరోడా గ్రామాల పాత సూత్రమే ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది. రాష్ట్రం తన వాటా ఇవ్వకపోతే నష్టం ఆ వాటాకే పరిమితం కాదు. దానితోపాటు రావలసిన కేంద్రపు సహాయం కూడా చేజారుతుంది.

చేతిలో ఇమిడే యంత్రంలో సమస్త సమాచారం లభిస్తున్న కాలంలో గ్రంథాలయాలతో పని ఏమున్నదని కొందరు ప్రశ్నిస్తారు. హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయాన్ని చూసినవారు ఆ ప్రశ్న వేయరు. ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు వందల సంఖ్యలో అక్కడ చదువుకుంటూ ఉంటారు. వారిలో ఎక్కువమంది గ్రామాల నుండి వచ్చి ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి నివసించేవారే. వారికి కావలసినది పుస్తకం మాత్రమే కాదు. ఒక కుర్చీ, ఒక దీపం, కొంత నిశ్శబ్దం, పక్కన తనవలెనే శ్రమించే మరొకరి తోడు. వీటిని ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఆర్థిక స్తోమత గలవారు వాటిని ఇంట్లోనే సమకూర్చుకోగలరు. లేనివారికి ప్రజాగ్రంథాలయమే చదువుకునే గది. అది మూతపడితే ధనికుని చదువు ఆగదు. పేద విద్యార్థి చదువు ఆగుతుంది.

చట్టం ఉన్నంతమాత్రాన గ్రంథాలయం సురక్షితమని భావించరాదు. ఇంగ్లాండులో 1964 చట్టం సమగ్రమైన గ్రంథాలయ సేవను స్థానిక సంస్థల విధిగా నిర్ణయించింది. అయినా 2010 తరువాత ఆ సంస్థలకు నిధులు తగ్గించినప్పుడు వందల గ్రంథాలయాలు మూతపడ్డాయి. చట్టం అలాగే ఉంది. తలుపులు మాత్రం మూసుకున్నాయి. కొన్నిచోట్ల ఊరివారే ముందుకు వచ్చి స్వచ్ఛందంగా వాటిని నడుపుకోవలసి వచ్చింది. గ్రంథాలయాన్ని కాపాడేవి మూడు: చట్టం, నిధి, ప్రజల జాగరూకత. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ ఎంతోకాలం నిలవవు.

ప్రజల జాగరూకతకు మార్గాలు కూడా చట్టంలోనే ఉన్నాయి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం ఏ పౌరుడైనా తన పంచాయతీ గత ఏడాది ఎంత గ్రంథాలయ పన్ను వసూలు చేసింది, అందులో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేసింది అని అడిగి తెలుసుకోవచ్చు. ఆ సంస్థ ఎంత సొమ్ముతో పుస్తకాలు కొన్నదో కూడా అడగవచ్చు. గ్రామసభలో ఈ విషయాన్ని ప్రస్తావించవచ్చు. తనకు కావలసిన పుస్తకం పేరును గ్రంథపాలకునికి రాసి ఇవ్వవచ్చు. వీటన్నింటికంటె సులభమైన పని మరొకటి ఉన్నది: గ్రంథాలయానికి వెళ్లి కూర్చుని చదవడం. నిండుగా ఉన్న గ్రంథాలయాన్ని మూసివేయడానికి ఏ ప్రభుత్వమూ సులభంగా సాహసించదు.

పడవమీద పుస్తకాలు మోసుకుపోయిన తరం గ్రంథాలయాన్ని దానంగా ఇచ్చింది. 1960 నాటి చట్టం దానిని హక్కుగా మార్చింది. దానం పుచ్చుకొన్నవాడు కృతజ్ఞత చెప్పి ఊరుకోవచ్చు. హక్కు గలవాడు లెక్క అడగాలి. ఇంటిపన్ను రసీదులోని ఆ చిన్న పద్దు ప్రతి కుటుంబాన్నీ ఊరి గ్రంథాలయానికి భాగస్వామిని చేసింది. కూలిపని చేసుకొనే తండ్రి చెల్లించిన ముప్పై రెండు రూపాయలు తన బిడ్డ చేతిలో పుస్తకంగా మారినప్పుడే ఆ చట్టం నెరవేరినట్లు.

కఠిన పదాలు – అర్థాలు

పద్దు = లెక్కలో నమోదు చేసిన అంశం
ప్రభృతులు = మొదలైనవారు
ఉదంతం = వృత్తాంతం, జరిగిన సంగతి
నిర్బంధం = తప్పనిసరి
జీతభత్యాలు = వేతనం, ఇతర అలవెన్సులు
విషవలయం = ఒక కీడు మరొక కీడుకు కారణమవుతూ తిరిగి మొదటికే వచ్చే స్థితి
ప్రతిష్ఠానం = ఒక ఆశయం కోసం నెలకొల్పిన సంస్థ
స్తోమత = శక్తి, తాహతు
జాగరూకత = మెలకువ, అప్రమత్తత

సంధులు

గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
గ్రంథాలయోద్యమం = గ్రంథాలయ + ఉద్యమం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు

గ్రంథాలయ పన్ను – గ్రంథాలయం కొరకు పన్ను – చతుర్థీ తత్పురుష సమాసం
యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం
సమాచార హక్కు – సమాచారం యొక్క హక్కు – షష్ఠీ తత్పురుష సమాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. తెలుగునాట గ్రంథాలయాలు దాతల విరాళాల దశ నుండి చట్టం దశకు చేరిన క్రమాన్ని వివరించండి.
2. చట్టం, నిధి, ప్రజల జాగరూకత – ఈ మూడూ గ్రంథాలయానికి ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ఇంగ్లాండు, బరోడా అనుభవాలలోని భేదమేమి?
2. వసూలైన గ్రంథాలయ పన్ను గ్రంథాలయానికి చేరకపోవడానికి కారణాలు తెలపండి.
3. కేరళ గ్రంథాలయ వ్యవస్థలోని విశేషమేమి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. నమూనా గ్రంథాలయ బిల్లును రూపొందించినవారు ఎవరు?
2. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏ సంవత్సరంలో ఏర్పడింది?
3. ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయాల చట్టం ఏనాటి నుండి అమలులోకి వచ్చింది?
4. గోవా రాష్ట్రం గ్రంథాలయ పన్నును దేనిపై విధించింది?

చేయదగిన పని

మీ ఇంటిపన్ను రసీదును పరిశీలించి, అందులో గ్రంథాలయ పన్ను ఎంత ఉన్నదో గుర్తించండి. మీ ఊరిలోని లేదా సమీపంలోని శాఖా గ్రంథాలయాన్ని సందర్శించి, అక్కడి పుస్తకాలు, పత్రికలు, పని వేళలను గురించి ఒక నివేదిక రాయండి.